కౌన్సెలింగ్ సైకాలజీలో పీజీ: విశాఖలో ఎక్కడ చేరాలి, ఎలా పూర్తి చేయాలి?

గాజువాక_టీచర్

అందరికీ నమస్కారం. గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతున్నాను. చదివింది బీకాం, ఆ తర్వాత బీఈడీ. వయసు 33, ఇద్దరు పిల్లలు. పదో తరగతి పిల్లలు పరీక్షల టెన్షన్ గురించి, ఇంట్లో గొడవల గురించి నా దగ్గరకొచ్చి చెప్పుకుంటారు. ధైర్యం చెప్పి పంపడం తప్ప ఇంకేం చేయాలో తెలియదు. అందుకే కౌన్సెలింగ్ సైకాలజీలో ఎంఏ చేయాలని గట్టిగా అనుకుంటున్నాను.

ఒక కన్సల్టెన్సీ వాళ్లు వేరే రాష్ట్రంలోని యూనివర్సిటీ పేరు చెప్పి, దూరవిద్యలో రెండేళ్లలో అయిపోతుందని, క్లాసులకు వెళ్లక్కర్లేదని అంటున్నారు. సోమవారంలోగా ఫీజు కడితే సీటు ఖాయమట. కట్టమంటారా? సైకాలజీ ఎప్పుడూ చదవని నాకు అసలు అందుతుందా? మావారు చదువుకోమనే అంటున్నారు కానీ, చదివాక పనికొస్తుందో లేదో ముందే కనుక్కోమంటున్నారు.

మధురవాడ_కౌన్సెలర్

మీ ఆలోచన చాలా మంచిది మేడమ్. ఆ ఫీజు మాత్రం కట్టకండి.

2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ కోర్సుల్లో దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ కొత్తగా ఎవరినీ చేర్చుకోవద్దని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) యూనివర్సిటీలకు చెప్పింది. దీని వెనక 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఉంది. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ లాంటి వృత్తులతో పాటు సైకాలజిస్టులను కూడా ఆ చట్టం తన కిందకు తెచ్చుకుంది. రోగి ఎదుట నేర్చుకోవాల్సిన వృత్తులు కాబట్టి దూరవిద్య కుదరదన్నారు. సైకాలజీ ఒక్కటే కాదు, పోషకాహార శాస్త్రం, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

కన్సల్టెన్సీ వాళ్ల మాట పక్కన పెట్టి, యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఏ యూనివర్సిటీకి ఏ సెషన్‌లో ఏ కోర్సుకు అనుమతి ఉందో అక్కడ ఉంటుంది. సోమవారం దాటితే సీటు పోతుందని తొందరపెడుతున్నారంటే అదే మీకు పెద్ద హెచ్చరిక.

గాజువాక_టీచర్

అమ్మో, సమయానికి చెప్పారు. చాలా థ్యాంక్స్ అండీ. అయితే మా తోటికోడలు ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో సైకాలజీ ఎంఏ రెండో ఏడు చదువుతోంది. ఆమె సంగతేంటి?

కొమ్మాది_గృహిణి

ఆమెకు భయం లేదండీ. ఆ ఆంక్ష కొత్తగా చేరేవాళ్లకే. నేనూ ఇగ్నోలోనే పూర్తి చేశాను. ఏ డిగ్రీ ఉన్నా చేరనిచ్చేవారు, కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు. పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన నాలాంటి వాళ్లకు అది పెద్ద తలుపు. ఇప్పుడు మూసేశారంటే బాధగానే ఉంది. ఊరు వదిలి రాలేని ఆడవాళ్లకు ఏదో ఒక దారి చూపించి ఉండాల్సింది.

మొదటి ఏడు అందరికీ ఒకటే: కాగ్నిటివ్ సైకాలజీ, జీవిత దశల సైకాలజీ, పర్సనాలిటీ సిద్ధాంతాలు, సోషల్ సైకాలజీ, పరిశోధనా పద్ధతులు, స్టాటిస్టిక్స్, ప్రాక్టికల్స్. రెండో ఏడు క్లినికల్, కౌన్సెలింగ్, ఇండస్ట్రియల్ అని మూడు దారులు. మీ తోటికోడలు కౌన్సెలింగ్ తీసుకుని ఉంటే ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తుందో ఇప్పటి నుంచే చూసుకోమనండి. కోర్సు మొత్తంలో మనిషితో నేరుగా పనిచేసేది అక్కడే. సంతకం పెట్టించుకుని వచ్చేస్తే మిగిలేది సర్టిఫికెట్టే.

సిరిపురం_సెకండియర్

మేడమ్, నేను రెగ్యులర్‌గా సైకాలజీ పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అడ్మిషన్ సంగతి నేను చెబుతాను.

ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)తో సహా రాష్ట్ర యూనివర్సిటీల్లో పీజీ సీట్లకు 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఈ ఏడాది పరీక్ష అయిపోయింది కాబట్టి మీకు వచ్చే ఏడాదే. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కు కోయరు, ఒక్కటి కూడా వదలకండి. బీకాం వాళ్లకు ఏ కాలేజీలో అర్హత ఉందో, దానికి ఏ టెస్టు రాయాలో నోటిఫికేషన్‌తో ఇచ్చే బుక్‌లెట్‌లో కాలేజీల వారీగా చూసుకోవాలి. ఎంఏకి ఒకలా, ఎమ్మెస్సీకి ఒకలా ఉండొచ్చు.

సెంట్రల్ యూనివర్సిటీలు కావాలంటే సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. అందులో 75 ప్రశ్నలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 పోతుంది. అక్కడ ఊహించి గుర్తులు పెట్టకూడదు. పూర్తిగా కౌన్సెలింగ్ సైకాలజీ పేరుతోనే ఎమ్మెస్సీ కావాలనుకుంటే చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ జాతీయ యువజన అభివృద్ధి సంస్థలో ఉంది. మన ఊళ్లోనే అయితే ఏయూ కాక రుషికొండలో గీతం ఉంది, అక్కడ అప్లైడ్ సైకాలజీ. ఫీజులో తేడా బాగా ఉంటుంది, కనుక్కోండి.

చదవడం మొదలుపెట్టడానికి ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సైకాలజీ పుస్తకాలు చాలు, వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లైప్‌జిగ్‌లో 1879లో వుంట్ పెట్టిన సైకాలజీ ప్రయోగశాల, మన దేశంలో 1916లో కలకత్తా యూనివర్సిటీ సైకాలజీ విభాగం, పావ్లోవ్, స్కిన్నర్, పియాజే నాలుగు దశలు, ఎరిక్సన్ ఎనిమిది దశలు, ఇవన్నీ పునాది. పియాజే, ఎరిక్సన్ మీరు బీఈడీలో చదివే ఉంటారు. ఇంకో మంచి మాట: బీకాంలో మీన్, స్టాండర్డ్ డీవియేషన్, కోరిలేషన్ చేసి ఉన్నారు కదా, మా క్లాసులో బీఏ సైకాలజీ నుంచి వచ్చినవాళ్లు కూడా భయపడేది ఆ పేపరుకే.

పెందుర్తి_నాన్న

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయ్యింది, ఇంజినీరింగ్ వద్దు సైకాలజీ చదువుతానంటోంది. చదవనివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ తెలిసినవాళ్లందరూ అందులో ఉద్యోగాలుండవంటున్నారు. విశాఖలో నిజంగా ఎవరైనా పిలిచి పని ఇస్తున్నారా? దాచకుండా చెప్పండి.

మధురవాడ_కౌన్సెలర్

సార్, దాచకుండానే చెబుతాను. మొదట్లో జీతం తక్కువ. ఇంజినీరింగ్ చేసిన తోటివాళ్లతో పోల్చుకుంటే అమ్మాయికి కొన్నేళ్లు కష్టంగానే ఉంటుంది. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుందామన్నా మనుషులు నమ్మి రావడానికి టైం పడుతుంది.

అయితే పని లేదన్న మాట మాత్రం సరికాదు. 2023లో మన విశాఖలోనే హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలైలో ఇచ్చిన తీర్పులో కోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. స్కూళ్లు, కాలేజీలే కాదు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా ఆ కిందకు వస్తాయి. ద్వారకానగర్‌లో ఒక్క వీధి నడిచి చూడండి, ఎన్ని బోర్డులున్నాయో.

ఈ తీర్పు అమలు కావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. పిల్లలకు నిజంగా అవసరం. కానీ కాగితం మీద పేరు చూపించడానికి ఎవరో ఒకరిని కూర్చోబెట్టే సంస్థలూ ఉంటాయి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీ అమ్మాయి అడగాల్సింది జీతం ఒక్కటే కాదు. తలుపు వేసుకుని మాట్లాడే గది ఇస్తారా, టీచర్లు సెలవు పెట్టినప్పుడల్లా ఆ క్లాసులకు పంపుతారా, అవి కూడా అడగాలి.

కేజీహెచ్_దగ్గర

ప్రభుత్వం వైపు కూడా పోస్టులుంటాయి సార్, చాలావరకు కాంట్రాక్టు మీద. హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్లు, కౌమార ఆరోగ్య కార్యక్రమంలో కౌన్సెలర్లు, మహిళల కోసం ఉన్న సఖి కేంద్రాలు. సైకాలజీ వాళ్లతో పాటు సోషల్ వర్క్ చదివినవాళ్లూ పోటీ పడతారు. నేను అలాంటి కేంద్రంలోనే చేస్తున్నాను. రిపోర్టు పాజిటివ్ అని చెప్పిన తర్వాత ఆ మనిషి లేచి వెళ్లేదాకా ఉండే సమయం ఎంత ముఖ్యమో పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు. మీ అమ్మాయికి మనసుంటే రానివ్వండి.

వాల్తేరు_మాస్టారు

చాలాకాలం సైకాలజీ బోధించి రిటైరయ్యాను. చర్చ బాగుంది, ఒక్క విషయం తేటగా చెప్పాలి.

ఎంఏ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు. అది 1992 నాటి చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరున్నవాళ్లకే చెందుతుంది. ఇన్నాళ్లూ దానికి ముఖ్యమైన దారి రెండేళ్ల ఎంఫిల్. ఎంఫిల్‌లను ఎత్తివేస్తున్నప్పుడు క్లినికల్ సైకాలజీకి మాత్రం యూజీసీ 2025-26 దాకా గడువిచ్చింది. ఇకపై కౌన్సిల్ గుర్తించిన కొత్త కోర్సులే దారి. కాబట్టి పెందుర్తి సార్, మీ అమ్మాయికి జబ్బులను నిర్ధారించే పని మీద ఆసక్తి ఉంటే దారి వేరు, కౌన్సెలింగ్ అయితే వేరు. డిగ్రీ చదువుతుండగానే తేల్చుకోవచ్చు, ఇప్పుడే తొందర లేదు. మందులు రాసే హక్కు మాత్రం రెండు దారుల్లోనూ ఉండదు, అది సైకియాట్రిస్టుల పని.

ఏయూలో ఈ విభాగాన్ని 1967లో కోనేరు రామకృష్ణారావు గారు ప్రారంభించారు, సైకాలజీ, పారాసైకాలజీ (అతీంద్రియ అనుభవాల అధ్యయనం) విభాగంగా. అంటే మన ఊళ్లో ఈ చదువుకు అరవై ఏళ్ల వయసు రాబోతోంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. చదువు, ఆసుపత్రి రెండూ ఉన్న ఊరు మనది, ఆ అదృష్టం అన్ని ఊళ్లకూ లేదు.

కోర్సు పేరులో కౌన్సెలింగ్ అనే మాట ఉందా లేదా అన్నది రెండో సంగతి. చేరే ముందు ఆ విభాగానికి వెళ్లి సీనియర్లను కలవండి. రెండేళ్లలో ఎంతసేపు నిజమైన మనుషులతో కూర్చోనిస్తారు, ఆ తర్వాత దాని గురించి మీతో కూర్చుని మాట్లాడే అధ్యాపకులు ఎవరు, అని అడగండి. వాళ్ల జవాబును బట్టి నిర్ణయించుకోండి.

గాజువాక_టీచర్

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన ఆ నేర్పించే పద్ధతి అసలు ఎలా ఉంటుంది? టీచరుగా పిల్లలతో మాట్లాడటం అలవాటే కదా, అది పనికొస్తుందా?

మధురవాడ_కౌన్సెలర్

మాస్టారు అనుమతిస్తే నేను చెబుతాను, ఇది నాకు ఇష్టమైన విషయం.

పనికొస్తుంది, కొంత అడ్డూ వస్తుంది. టీచర్లకు జవాబు చెప్పడం అలవాటు. పిల్లాడు మాట పూర్తి చేయకముందే పరిష్కారం నోట్లోకి వచ్చేస్తుంది. మొదటి సెమిస్టర్ అంతా ఆ అలవాటును ఆపుకోవడంతోనే సరిపోతుంది.

క్లాసులో ముగ్గురేసి కూర్చోబెడతారు. ఒకరు కౌన్సెలర్, ఒకరు సమస్య చెప్పేవారు, ఒకరు గమనించేవారు. తర్వాత స్థానాలు మారతారు. చెప్పే సమస్య చిన్నదైనా నిజమైనదే అయి ఉండాలి, నటిస్తే ఎవరికీ ఏమీ రాదు. ఆ సంభాషణను రికార్డు చేసుకుని మాటకు మాట కాగితం మీద పెట్టాలి. పక్కన ఇంకో వరుసలో, అక్కడ నేను ఎందుకలా అన్నాను, ఇంకేం అనవచ్చు అని రాయాలి. అది చదివి సూపర్‌వైజర్ మాట్లాడతారు. కార్ల్ రోజర్స్ 1957లో రాసిన వ్యాసంలో సహానుభూతి, షరతుల్లేని ఆదరణ, లోపలా బయటా ఒకేలా ఉండటం అని చెప్పినవి పరీక్షలో రాయడం సులువు. మీ రికార్డింగ్‌లో మీరే మధ్యలో అడ్డుపడటం విన్నప్పుడు అవెంత కష్టమో తెలుస్తుంది.

తప్పుదారి పట్టించే ఆలోచనలను మార్చుకోవడం నేర్పే బెక్ పద్ధతి, ఎల్లిస్ పద్ధతి అన్నీ నేర్పుతారు. అయితే పుస్తకాల్లో క్లయింట్ ఒక్కరే వస్తారు. మన దగ్గర కోడలితో అత్తగారు వస్తారు, కొడుకుతో నాన్న, మేనమామ వస్తారు. "మా ముందే మాట్లాడమనండి" అంటారు. వాళ్లను నొప్పించకుండా బయట కూర్చోబెట్టడం, మళ్లీ అవసరమైనప్పుడు లోపలికి పిలవడం ఒక విద్య. చాలామంది దిగులని చెప్పరు. గుండె దడ అనో, కడుపులో మంట అనో వస్తారు. అన్ని పరీక్షలూ బాగున్నాయన్న రిపోర్టుల సంచీ పట్టుకుని కూర్చుంటారు. ఆ నొప్పి నిజమే. దాన్ని కొట్టిపారేస్తే రెండోసారి రారు. అలాగే శరీరానికి సంబంధించిన జబ్బేమైనా మిగిలిపోయిందేమో డాక్టరు చూశారా అని అడగకుండా ముందుకు వెళ్లకూడదు.

ప్రాణం తీసుకోవాలనే ఆలోచన గురించి నేరుగా, మెల్లగా అడగడం కూడా నేర్పుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని కొత్తవాళ్లు జంకుతారు. అలా జరగదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఇది మాత్రం చదువు అయ్యేదాకా ఆగక్కర్లేదు మేడమ్, ఇప్పుడే మీ క్లాసు గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి పెట్టండి. 2022 నుంచి ఉంది, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

సిరిపురం_సెకండియర్

అక్కా, మీరు రాసింది మా బ్యాచ్ గ్రూపులో పెట్టుకుంటాను. నాదొక సందేహం. నా డిసర్టేషన్ (పీజీ పరిశోధన) ఇంటర్ పిల్లల పరీక్షల ఆందోళన మీద. కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ఇక పిల్లలకు ప్రశ్నావళి ఇచ్చేయొచ్చా?

వాల్తేరు_మాస్టారు

ప్రిన్సిపాల్ అనుమతి గేటు దాటడానికే పనికొస్తుంది. 18 ఏళ్లు నిండని పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల లిఖిత సమ్మతి కావాలి, దాంతో పాటు పిల్లల ఇష్టమూ కావాలి. ఇష్టం లేకపోతే మధ్యలో మానేయొచ్చని, మానేస్తే మార్కులకు ఇబ్బంది ఉండదని సమ్మతి పత్రంలో తెలుగులో ఉండాలి. పేర్ల బదులు కోడ్ నంబర్లు వాడు. ఇంగ్లిష్‌లో తయారైన స్కేలును, అంటే ఆందోళనను కొలిచే ప్రశ్నావళిని, నువ్వే తెలుగులోకి మార్చి ఇచ్చేయకు. ఒకరు తెలుగు చేయాలి, అసలు చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్ చేయాలి, రెండూ పోల్చాలి, కొద్దిమంది పిల్లల మీద ముందు ప్రయత్నించాలి. దానికి పట్టే టైం కలుపుకుని మొదలుపెట్టు బాబూ. ఎవరైనా పిల్లలకు స్కోరు బాగా ఎక్కువ వస్తే వాళ్లను ఎక్కడికి పంపాలో కూడా ముందే రాసి పెట్టుకో. కొలిచి వదిలేయడం మన పని కాదు.

సిరిపురం_సెకండియర్

స్కోరు ఎక్కువ వచ్చిన పిల్లల సంగతి నాకు తట్టలేదు మాస్టారూ. రేపే మా గైడ్‌తో మాట్లాడతాను.

ఆస్టిన్_నుంచి

నాది సీతమ్మధార. ప్రస్తుతం టెక్సాస్‌లో కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. అమెరికా రావాలనుకునే పిల్లలు చదువుతున్నారేమోనని రాస్తున్నాను.

ఇక్కడ చూడాల్సింది ఆ కోర్సుకు కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందా అన్నది. ఆ గుర్తింపున్న కోర్సు 60 సెమిస్టర్ క్రెడిట్లు ఉంటుంది. 100 గంటల ప్రాక్టికమ్ (మొదటి దశ ప్రాక్టికల్ శిక్షణ), అందులో 40 గంటలు నేరుగా క్లయింట్లతో. తర్వాత 600 గంటల ఇంటర్న్‌షిప్, అందులో 240 నేరుగా. ప్రతి గంటకూ లెక్క రాసి సంతకం చేయించుకోవాలి. డిగ్రీ చేతికొచ్చినా వెంటనే ఒంటరిగా ప్రాక్టీసు చేయనివ్వరు. టెక్సాస్‌లో అయితే అసోసియేట్‌గా సూపర్‌వైజర్ కింద 3,000 గంటలు, అందులో సగం నేరుగా క్లయింట్లతో చేస్తేనే పూర్తి లైసెన్సు. రాష్ట్రం మారితే నిబంధనలూ మారతాయి. ఇక్కడే స్థిరపడాలనుకుంటే ఇక్కడ చదవండి. విశాఖలో పనిచేయాలనుకుంటే మాత్రం అంత అప్పు చేసి రావడం అనవసరం అని నా గట్టి అభిప్రాయం.

పెందుర్తి_నాన్న

మంచిదమ్మా. మా అమ్మాయి అమెరికా మాట ఎత్తకముందే చదివి వినిపిస్తాను. మాస్టారూ, అయితే ముందు సైకాలజీ ఉన్న డిగ్రీలో చేర్చమంటారా?

వాల్తేరు_మాస్టారు

చేర్చండి. తర్వాత పీజీకి అన్ని తలుపులూ తెరిచి ఉంటాయి. 2021 చట్టం కింద రిజిస్టర్లు, నిబంధనలు ఇంకా రూపుదిద్దుకుంటున్నాయి. అమ్మాయి పీజీకి వచ్చేసరికి ఒక కొలిక్కి వస్తాయి. సైకాలజీతో పాటు తెలుగు బాగా చదవమనండి, మనుషులు మనసు విప్పేది వాళ్ల భాషలోనే.

గాజువాక_టీచర్

ఆ కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను. వచ్చే ఏడాది పీజీసెట్ రాస్తాను. రెగ్యులర్ అంటే ఉద్యోగం మానాలి, ఆ లెక్కలు ఇంట్లో కూర్చుని వేసుకుంటున్నాం. ప్రైవేటులో చేరాల్సి వస్తే ఎందుకు చేరుతున్నారో ఒక పేజీ రాయమంటారట. ఏం రాయాలి?

మధురవాడ_కౌన్సెలర్

అందరూ నాకే తమ బాధలు చెప్పుకుంటారు అని మొదలుపెట్టకండి, ప్రతి దరఖాస్తులోనూ ఉండే వాక్యం అది. మీ క్లాసులో ఏం చూస్తున్నారో రాయండి. ఏ వయసు పిల్లలు, ఏ నెలల్లో, ఎలాంటి ఇబ్బందితో వస్తున్నారు, మీకు అక్కడ ఏది చేతకావడం లేదు. పిల్లల పేర్లు, గుర్తుపట్టే వివరాలు మాత్రం ఉండకూడదు. ఆ ఒక్క జాగ్రత్తతోనే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మీరేంటో తెలుస్తుంది.

ఇంకో సంగతి. స్కూల్ కౌన్సెలర్ అయ్యాక ప్రిన్సిపాల్ పిలిచి "ఆ పిల్ల ఏం చెప్పింది" అని అడుగుతారు. ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప వివరాలు చెప్పనని చేరిన రోజే మర్యాదగా చెప్పి, రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. లైంగిక వేధింపు విషయం మాత్రం వేరు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. ఇది టీచరుగా ఇప్పుడు మీకూ వర్తిస్తుంది. అందుకే పిల్లలతో "నువ్వు చెప్పేది ఎవరికీ చెప్పను" అని ముందే మాట ఇచ్చేయకూడదు. "నీకు హాని జరుగుతుంటే మాత్రం సాయం కోసం ఇంకొకరికి చెబుతాను" అని మొదట్లోనే చెప్పాలి.

గాజువాక_టీచర్

ఈ మాట మా స్టాఫ్ రూములో అందరికీ చెప్పాలి మేడమ్. చాలామందికి తెలియదు.

సిరిపురం_సెకండియర్

గాజువాక మేడమ్, స్టాటిస్టిక్స్, పాత ప్రశ్నలు కలిసి చేద్దామంటే నాకు ఆదివారాలు ఖాళీ. మా జూనియర్లు కూడా కొందరు వస్తారు. శివాజీ పార్కులో ఉదయం కూర్చుంటాం.

పెందుర్తి_నాన్న

బాబూ, మా అమ్మాయి కూడా వచ్చి వింటే మీకు ఇబ్బందా? నేనే తీసుకొచ్చి దింపుతాను.

సిరిపురం_సెకండియర్

ఇబ్బందేమీ లేదు అంకుల్, తీసుకురండి. ఎనిమిదింటికి మొదలుపెడతాం. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకం మొదటి రెండు పాఠాలు చదువుకుని రమ్మనండి.